కొంగు ముడిలో ఓటు చిట్టీ

ఓటు అనగానే అందరికీ ఏం గుర్తొస్తుందో గానీ, నాకు మాత్రం కాళ్లలో వణుకు గుర్తొస్తుంది.

నేను మొదటిసారి ఓటు వేసినప్పుడు కాగితం మీద ముద్ర గుద్దే పని లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద అతని గుర్తు. తెర చాటుకు పోయి, మనకు నచ్చిన పెట్టెలో చిట్టీ వేసి రావాలి. వేయకుండా కొంగున ముడేసుకుని బయటికి తెస్తే కొనేవాళ్లుండేవారు. అలా కొన్నవన్నీ తమ మనిషికిచ్చి లోపలికి పంపి, ఒకే పెట్టెలో వేయించేవారు.

మోత్కూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో ఈ బేరం దొర గుమాస్తాది. ముందు రోజు వచ్చి మా గడప మీద నాలుగు రూపాయలు పెట్టాడు. మా ఆయన బండి కిరాయికి చిట్యాల పోయాడు, ఇంట్లో అత్తాకోడళ్లమే ఉన్నాం.

"ఇద్దరి చిట్టీలు నా చేతికి రావాలె. తేనోళ్లు గడికొచ్చి దొరకు జవాబు చెప్పుకోవాలె" అని నా వైపు చూశాడు.

గడి అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. అక్కడికి పిలిపించిన ఆడవాళ్ల గురించి మా ఊళ్లో గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

బడిలో పోలింగు. గుమ్మం దగ్గర తుపాకీతో పోలీసు. చిట్టీ బయటికి తెచ్చి దొరికిపోతే జైలేనని లైన్లో ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. ఇటు గడి, అటు జైలు. తెర వెనక కొంగున ముడేద్దామంటే వేళ్లు నా మాట వినలేదు. ఇంతలో అవతల నుంచి "ఎంతసేపమ్మా?" అని ఆఫీసరు గదమాయించాడు. నేను ఉలిక్కిపడి, చేతికందిన పెట్టెలో చిట్టీ కుక్కేసి బయటపడ్డాను. ఎవరికి వేశానో ఇప్పటికీ నాకు తెలియదు.

బడి వెనక గడ్డివాము చాటున గుమాస్తా కాచుకుని ఉన్నాడు. గోడ మలుపులోనే ఆగిపోయాను. వెనకే మా అత్త వచ్చింది. మాటకు ముందు చెయ్యి లేచే మనిషి.

"అత్తా, నేను పెట్టెల వేసిన" అన్నాను. ఏడుపొచ్చేసింది.

చెంప పగులుతుందనుకున్నా. ఆమె తన కొంగు ముడి విప్పి, తన చిట్టీ నా గుప్పిట్లో పెట్టి, వేళ్లు మూసేసింది.

"ఏడ్వకు. ముసల్దాన్ని, నన్నయితే తిడ్తరు. నిన్ను పిలిస్తే తిట్టి ఊకోరు బిడ్డా. ఈ ముచ్చట నా కొడుక్కు గూడ చెప్పకు."

తర్వాత గుమాస్తా ముందుకెళ్లి నిలబడింది. "కోడలు తెచ్చింది, తీస్కో. నాది పెట్టెల పడ్డది. పోలీసోని జూసి భయమైంది. ఇగో, నీ రెండు రూపాయలు."

మర్నాడు గడి నుంచి అత్తకు పిలుపు వచ్చింది. పొద్దు గూకేదాకా ఆమెను ఎండలో నిలబెట్టారు. నేను ఇంట్లో తలుపు గొళ్లెం పెట్టుకుని, దారిలో ఏ చెప్పుల చప్పుడైనా నా కోసమేనని చచ్చేంత భయపడ్డాను. ఆమె తిరిగొచ్చి జొన్న గటక పెట్టమంది, తిని పడుకుంది. అక్కడేం జరిగిందో ఒక్క ముక్క చెప్పలేదు, అడిగే ధైర్యం నాకూ లేకపోయింది.

తర్వాతి ఎన్నికలకు పద్ధతి మారింది. ముద్ర గుద్ది, మడత పెట్టి, ఆఫీసరు కళ్ల ముందే ఉన్న ఒక్క పెట్టెలో వేయాలి. బయటికి తేవడానికి వీల్లేదు. అయినా గుమాస్తా అలవాటు చావక బడి వెనకే తచ్చాడుతున్నాడు. అతన్ని చూడగానే అత్త చెయ్యి పట్టుకున్నాను.

"నీ ఓటేమైంది, ముసల్దానా?" అన్నాడు.

అత్త నా చెయ్యి వదిలించుకుని, కొంగు విప్పి అతని ముఖం ముందే దులిపింది.

"పెట్టెల పడ్డది" అంది.