నానమ్మ త్రిఫల చూర్ణం, నా కడుపునొప్పి

నా చిన్నప్పుడు మేము లింగంపల్లి స్టేషన్ వెనక వీధిలో ఉండేవాళ్లం. ఇంట్లో ఎవరికి కడుపు బాగా లేకపోయినా మా నానమ్మ చేసే త్రిఫల చూర్ణమే మందు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ ఎండబెట్టి, గింజలు తీసి, రోట్లో మెత్తగా దంచి, పల్చటి గుడ్డలో జల్లించేది. పడుకునే ముందు గోరువెచ్చటి నీళ్లలో కలిపి ఇచ్చేది. ఆ వగరుకు నాలుక ముడుచుకుపోయేది.

మూడో తరగతిలో నన్ను కొత్త బడిలో వేశారు. కొన్నాళ్లకే కడుపునొప్పి మొదలైంది, తిండి తగ్గిపోయింది. నాన్న దవాఖానకు తీసుకెళ్లాడు. అమ్మ మాత్రం బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకుంది. నానమ్మ తన చూర్ణం తాగించింది. ఆదివారానికి కడుపు తేలికయ్యేది. సోమవారం సాయంత్రానికి మళ్లీ రాయిలా గట్టిపడేది.

నానమ్మ అది కనిపెట్టింది. ఒక సెలవు రోజు మధ్యాహ్నం అరుగు మీద చూర్ణం జల్లిస్తూ గుడ్డ కొస పట్టుకోమని నన్ను పిలిచింది. నా వైపు చూడకుండానే తన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లయి వచ్చిన కొత్తలో, బయటికి వెళ్లాలని అత్తను అడగడానికి సిగ్గుపడి రోజంతా బిగబట్టుకునేదట. కడుపు ఉబ్బి, అన్నం సయించక, పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చేదట. చివరికి తోడికోడలు గ్రహించి, ఏమీ అడగకుండా చెంబు చేతికిచ్చి వెంట నడిచిందట.

నానమ్మకు కూడా సిగ్గేసిందా అని నాకు ఎంతో ఆశ్చర్యం. ఇక ఆగలేకపోయాను. మా బడి మరుగుదొడ్డి తలుపుకు గొళ్లెం లేదని, మగపిల్లలు తలుపు నెట్టి నవ్వుతూ పారిపోతారని, అందుకే నీళ్లు కూడా తాగకుండా ఇంటికొచ్చేదాకా ఆపుకుంటున్నానని చెప్పేశాను. నానమ్మ గుడ్డ పక్కన పెట్టి నన్ను దగ్గరికి తీసుకుంది.

"గింత బాధ ఒక్కదానివే మోస్తున్నవా బిడ్డా? నాకు చెప్తే అయిపోతుండె గద" అంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నం గంట కొట్టేసరికి నానమ్మ మా బడిలో ఉంది. మరుగుదొడ్డి తలుపుకు వీపు ఆనించి నిలబడి, "నేనున్న, నువ్వు నిమ్మళంగ పో" అంది. నేను బయటికి వచ్చేసరికి మా తరగతి ఆడపిల్లలు ఇంకొందరు ఆమె పక్కన వరుసగా నిలబడి ఉన్నారు. అన్నాళ్లుగా పక్కపక్కనే కూర్చుంటున్నా మాలో ఒక్కరమూ ఈ మాట ఇంకొకరితో అనలేదు. అందరికీ కాపలా కాశాక నానమ్మ పెద్ద పంతులమ్మ గదిలోకి వెళ్లింది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు. తలుపుకు గొళ్లెం బిగించేదాకా మాత్రం రోజూ వచ్చింది. ఆ తర్వాత నాకు చూర్ణం అవసరం పడలేదు.

ఇప్పుడు నల్లగండ్లలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. మనవరాలికి హైటెక్ సిటీలో ఉద్యోగం. ఈమధ్య కడుపు బాగుండడం లేదని త్రిఫల మాత్రల డబ్బా ఒకటి తెప్పించుకుంది. వేసుకోమన్నాను. ఆ సాయంత్రం పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, నా మూడో తరగతి సంగతంతా చెప్పాను. అది కాసేపు కీబోర్డు మీద ఏదో కొడుతూనే ఉంది. తర్వాత ల్యాప్‌టాప్ మూసి, నెమ్మదిగా ఆఫీసులో తనకేం జరుగుతోందో చెప్పడం మొదలుపెట్టింది.

ఎవరైనా దాచుకున్న బాధ బయటికి రావాలంటే ముందు నాది నేను చెప్పుకోవాలని నానమ్మ దగ్గరే నేర్చుకున్నాను. ఈ వయసులోనూ నాకు పనికొస్తున్న చదువు అదే.