అరవై మూరల గుడి

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మైపాడు ఇసుకలో తాతా నేనూ తాడుతో వేసిన గుడిలో, ఎవరూ అడుగు పెట్టకూడని గదిలోకి నేను వెళ్లాను.

నేను ఎస్సెల్సీ పరీక్షలు రాసి ఇంటికి వచ్చిన ఎండాకాలం అది. తాతకు కళ్లు మసకబారాయి. ఇక పడవ ఎక్కొద్దని నాన్న చెప్పిన రోజు నుంచి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాట లేదు. గంజి కూడా బతిమాలితేనే తాగేవాడు. ఊళ్లో ఎవరు కొత్త వల కట్టుకున్నా తాడు కొలిచేది ఆయనే. మోచేతి నుంచి నడివేలి కొస దాకా, తాత మూరే మా ఊరికి మూర. ఇప్పుడు ఆ చెయ్యి తలకింద దిండయింది.

ఆయన్ను ఎలాగైనా మంచం మీది నుంచి లేపాలని నాకు ఉండేది. కానీ ఓదార్చే మాటలు నాకు రావు. అందుకని పక్కన కూర్చుని, నెల్లూరు నుంచి తెచ్చుకున్న పుస్తకం ఆయనకు వినపడేలా చదివేదాన్ని. యెరూషలేములో యూదులు కట్టుకున్న గుడి చరిత్ర అది. “గుడి పొడవు అరవై మూరలు, వెడల్పు ఇరవై మూరలు” అని చదివాను.

“ఎవురి మూర?” అన్నాడు తాత.

పది రోజుల తర్వాత మొదటి మాట. గాభరాపడి “రాజుదేమో తాతా” అన్నాను.

“రాజు తాడు పట్టుకుంటాడా మే? పని చేసినోడిదై ఉంటాది. అరవై అంటే మనింటికాడ్నించి యాడిదాకా వస్తాది?”

నాకు తెలియదు. మర్నాడు పొద్దున్నే పుల్లలు, పాత తాడు పట్టుకుని ఇద్దరం తీరానికి వెళ్లాం. నేను కొలిచిన తాడును తాత వేళ్లతో తడిమాడు. “ఇది పిల్లమూర. ఈ గుళ్లో కోళ్లు కూడా పట్టవు” అని మొదటి నుంచి తన చేత్తో కొలిచాడు.

చేపలగంపతో పోతున్న పక్కింటి అత్త ఆగి, “ఏంది మామా, సముద్రానికి కంచె కడతా ఉండావా?” అంది.

“నీ నోటికి కడదామంటే తాడు చాల్లేదు. అందుకని ఈడ కడతా ఉండా.”

తాడు మీద చెయ్యి వేసుకుని తాత గుడి చుట్టూ నడిచాడు. పడమటి కొసన అడ్డతాడు కట్టిన చోట ఆపాను. అది లోపలి గది, పెద్ద పూజారి ఒక్కడే, అదీ ఏడాదికి ఒక్కరోజే వెళ్తాడని చెప్పాను.

“లోపలేముంది?”

“దేవుడి ఆజ్ఞలు చెక్కిన రాతిపలకల పెట్టె. శత్రువులు కాల్చేశాక గుడి మళ్లీ కట్టారు గానీ పెట్టె లేదు. ఖాళీ గదే.”

“ఖాళీదైనా పోకూడదా?”

“పోకూడదు తాతా.”

ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

రెండో గుడికి పునాది వేసినరోజు, మొదటిదాన్ని చూసిన ముసలివాళ్లు బిగ్గరగా ఏడ్చారని చెప్పాను. “ఏడవరా మరి” అన్నాడు. దాన్నీ రోమన్లు పడగొట్టారనీ, గుడి ఉన్న గుట్ట మీద ఇప్పుడు మసీదు ఉందనీ, గుట్టకు ఆసరాగా కట్టిన రాతిగోడ మిగిలితే యూదులు దాన్నే తాకి మొక్కుకుంటూ వచ్చారనీ చెప్పాను. తాడు వదలకుండా విన్నాడు.

తర్వాత నీళ్లు తాగడానికి పడవ నీడకు వెళ్లాడు. అప్పుడే అడ్డతాడు దాటాను. ఇసుక, గాలి, అంతే. నన్నెవరూ పిలవని చోటు. కాసేపు నిలబడి, నా అడుగులు చేత్తో చెరిపేసి బయటికొచ్చాను.

ఆ వారంలోనే తాత మళ్లీ వలతాళ్లు కొలవడం మొదలుపెట్టాడు. మూడేళ్లు కొలిచాడు. మూడో ఏడు వానలప్పుడు జ్వరంతో పడుకున్నాడు. నేను గంజి తాగిస్తుంటే నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఆ లోపలిగది మనం తొక్కలేదు గదా మే?”

“లేదు తాతా” అన్నాను.

“అట్టయితే సరే. పోయి నువ్వు కూడు తిను.”