నాకు వినపడని ఈల

ఎవరైనా దయ్యాల కథలు మొదలుపెడితే నవ్వి లేచిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ పెద్దగా చెప్పలేదు.

మాది సూరత్‌లో డిండోలి. బాపు ముప్పై ఏళ్లు సాంచెలు నడిపాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచెలనే అంటారు. ఆ మోతకు ఆయన చెవులు మెల్లమెల్లగా పోయాయి. పక్క సాంచెల మీద రాజయ్య కాక ఉండేవాడు. చిన్నప్పుడు నేను అన్నం తీసుకెళ్తే ఇద్దరూ ఒకే డబ్బాలో తినేవాళ్లు. నాకో ముద్ద పెట్టేవాళ్లు. ఆ నూనె చేతుల వాసన నాకింకా గుర్తే.

లాక్‌డౌన్ రాగానే సాంచెలు ఆగిపోయాయి. కాక సిరిసిల్ల పక్కన వాళ్ల ఊరికి బయల్దేరాడు. కొన్నాళ్లకు ఆయన ఫోన్ కలవడం మానేసింది. చేరాడో లేదో తెలియదు.

"రాజన్న ఫోన్ గిట్ల చేసిండా? నాకు ఇనవడక కట్ చేసిన్నా ఏంది?" అని బాపు రోజూ అడిగేవాడు.

ఆ బెంగతోనే చెవికి మిషన్ పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆస్పత్రికి పోయే రోజులు కావు. మిషన్ కొరియర్‌లో వచ్చింది. ఒక గుజరాతీ మేడమ్ వీడియో కాల్‌లో మాట్లాడుతూ, నా ఫోన్‌లోని యాప్ ద్వారా తన ఇంటి నుంచే దాని శబ్దం సరిచేసింది. బేస్తవారం, మధ్యాహ్నం మూడు దాటింది. చప్పుడు ఉండొద్దంటే అమ్మ ఫ్యాను కూడా ఆపింది.

బాపు ఉన్నట్టుండి తల తిప్పాడు. "ఈల ఏస్తుండు" అన్నాడు.

బాపుకు ఏదో చప్పుడు వినిపిస్తోందని నేను హిందీలో చెబితే, చెవిలో సరిగ్గా కూర్చోకపోతే మిషనే కూస్తుందని మేడమ్ చెప్పింది. తీసి మళ్లీ పెట్టించింది. ఏదో పరీక్ష నడిపి, మిషన్ బాగానే ఉందంది.

"మిషన్ గాదు. రాజన్న. రెండు చిన్నయి, ఒకటి పొడుగు. ఆ మోతల మాట ఇనవడది గద, చాయ్‌కి గట్లనే పిలుస్తడు."

నాకేమీ వినపడలేదు. మేడమ్‌కు తెలుగు రాదు. బాపు మాట ఆమెకు హిందీలో చెప్పబోయేలోపే ఆమే అంది: "బయట ఎవరో ఈల వేస్తున్నారు, కిటికీ మూసెయ్యండి బెహన్."

కిటికీ మూసే ఉంది. తలుపు తీసి చూశాను. గల్లీలో ఒక్క మనిషి లేడు.

పది రోజులకు కాక కొత్త నంబర్ నుంచి ఫోన్ చేశాడు. జ్వరమొస్తే ఊరి బడిలో విడిగా ఉంచారట, ఫోన్ పాడైందట. నేను ఈల మాట ఎత్తనే లేదు. ఆయనే చెప్పాడు.

"లేసి కూసున్న తొల్తరోజు, బిడ్డా, పోయిన బేస్తవారం ముందటి బేస్తవారం. మూడు గొట్టంగ చాయ్ మీద పాణం గుంజింది. కార్ఖానల ఉన్ననే అనుకొని మీ బాపుకు ఈల ఏసిన. కాపలాయన తిట్టిండు."

ఫోన్ బాపుకిచ్చాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"ఇన్న గని, చాయ్ ఇచ్చిండ్రా మరి?" అని అడిగాడు.

తర్వాత మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆ రోజు తను రాసుకున్న కాగితంలో 'బయట ఈల చప్పుడు' అని ఉందట. నా చెవులు బాగానే పనిచేస్తాయి. ఫోన్ నా చేతిలోనే ఉంది, బాపు నా పక్కనే ఉన్నాడు. వాళ్లిద్దరూ విన్నది నాకెందుకు వినపడలేదో ఇప్పటికీ చెప్పలేను.