అత్త ఏరిన ఉన్ని

మా అత్త దేన్నీ ముట్టుకోకుండా నమ్మదు. నిజామాబాద్‌లో చీరల దుకాణానికి పోతే, అమ్మేవాడు చీర విప్పి రంగుల గురించి చెబుతూనే ఉంటాడు, ఈమె కొంగు అంచును రెండు వేళ్ల మధ్య నలిపి "దీంట్ల నూలు లేదు బిడ్డా, లోపట వెట్టుకో" అంటుంది. పసుపు మార్కెట్‌లో తనకు సంబంధం లేని కుప్పల్లో కూడా చెయ్యి పెడుతుంది. నన్ను చూసుకోవడానికి బోధన్ వచ్చినప్పుడు నా జడ పట్టుకుని చూసింది. సంబంధమైతే ఖాయం చేసింది గానీ, నా జుట్టు మీద మంచి మాట ఇప్పటి వరకూ రాలేదు.

అదంతా ఉన్ని నేర్పిన అలవాటు. అత్తవాళ్లది మాక్లూర్ పక్కన గొర్రెల ఇల్లు. కత్తెర వేసిన ఉన్నిని కుప్ప పోసి రకాలుగా ఏరడం ఇంట్లో ఆడవాళ్ల పని. గొర్రెపిల్లకు మొదటిసారి కత్తిరించిన ఉన్ని అన్నిటికన్నా మెత్తన. ఆ తర్వాత పెద్ద గొర్రెల వీపు ఉన్ని. తోక దగ్గరిది, పొట్ట కిందిది బిరుసుగా ఉంటుంది, గొంగడిలో కలిస్తే కూర్చున్నవాళ్లకు గుచ్చుకుంటుంది. నల్లదేదో తెల్లదేదో కళ్లున్న ఎవరైనా చెబుతారు. మెత్తనిదేదో బిరుసుదేదో చెప్పాల్సింది వేళ్లే. చుట్టుపక్కల ఊళ్లలో అలా చెప్పగలిగినవాళ్లలో మా అత్తే మొదటిదని అత్త చెప్పేది. మిగతావాళ్లు కూడా ఒప్పుకునేవాళ్లు, ఒప్పుకోకపోతే ఆమె ఊరుకోదు కాబట్టి.

నేను చక్కెర ఫ్యాక్టరీ కూలీ బిడ్డను. చెరుకు గెడ చూపిస్తే నాలుగు మాటలు చెప్పగలను గానీ, ఉన్ని అంతా నాకు ఒకటే నల్ల కుప్ప. పెండ్లయిన కొత్తలో ఆ కుప్ప ముందు కూర్చోబెట్టి, నేను పక్కకు తీసిన ప్రతి కుచ్చునూ మళ్లీ తీసుకొచ్చి నా ఒళ్లో వేసేది. "గిది తోకది. గది గూడ తోకదే. నీ చేతులకు దేవుడు తోలుకు బదులు డబ్బారేకు కొట్టిండా?" అనేది. అలా తిట్లు తింటూ తింటూ ఎప్పుడు నేర్చుకున్నానో నాకే తెలియదు. నేర్చుకున్నావని ఆమె చెప్పలేదు, నేర్చుకున్నానని నేనూ చెప్పలేదు. మా ఇంట్లో గౌరవమర్యాదలు ఆ రకంగా ఉంటాయి.

తర్వాత అత్తకు షుగర్ వచ్చింది. చక్కెర ఫ్యాక్టరీ ఇంటి నుంచి కోడల్ని తెచ్చుకోవడమే దానికి కారణమని ఆమె నమ్మకం. డాక్టర్ ఏం చెప్పినా ఆ కారణం ముందు నిలవలేదు.

మా చిన్నోడి పెండ్లి కుదిరినప్పుడు గొంగడి మాట వచ్చింది. మాలో పిల్లనూ పిల్లగాణ్నీ కొత్త నల్ల గొంగడి మీద కూర్చోబెడతాం. కూర్చోబెట్టే ముందు పిల్లవైపు ముసలివాళ్లు దాన్ని తడిమి చూస్తారు. ఆచారం పేరుతో చేసే తనిఖీ అది. ఇప్పుడు మందల్లో సగానికి పైగా ఉన్ని లేని గొర్రెలే, దుకాణంలో మెషిన్ కంబళ్లు దొరుకుతున్నాయి, ఒకటి కొంటే పోతుంది కదా అని మా ఆయన అన్నాడు. అత్త రెండు పూటలు అన్నం ముట్టలేదు. మా పాత నల్ల గొర్రెలకు కత్తెర వేయించి, ఉన్ని వాకిట్లో పోయించి, తానే ఏరుతానని కూర్చుంది.

చాయ్ ఇవ్వడానికి పోయి చూశాను. పొగలు కక్కే స్టీలు గ్లాసును అరచేత్తో గట్టిగా పట్టుకుని, మాట్లాడుతూనే ఉంది. నేను కొంగుతో పట్టుకుని తెచ్చిన గ్లాసు అది. మెత్తటి కుప్పలో చెయ్యి పెట్టి చూస్తే తోక ఉన్ని గుప్పెళ్లకు గుప్పెళ్లు తగిలింది. ఆమె ఒక్కో కుచ్చును వేళ్ల మధ్య నలిపి, తల ఊపి, ఎంతో నమ్మకంగా తప్పు కుప్పలో వేస్తోంది.

నాకు మొదట నవ్వొచ్చింది. ఇన్నేళ్ల తిట్లకు బదులు తీర్చుకునే రోజు వాకిట్లోకి నడిచొచ్చినట్టు అనిపించింది. ఆ తర్వాత ఆ వేళ్లను చూశాను. మామ పోయాక ఆ ఇంట్లో ఆమెకు మిగిలింది ఆ పేరొక్కటే. పెండ్లి పందిట్లో ఒక ముసలామె చెయ్యి దాని మీద పడి, "గరుకున్నదేందమ్మా" అంటే చాలు, ఆ పేరు అక్కడే పోతుంది.

అత్త మధ్యాహ్నం కునుకు తీసే వేళ కుప్పలు మళ్లీ ఏరేదాన్ని. ఆమె లేచేసరికి ఎక్కడివక్కడ సర్దేసేదాన్ని. ఏరడం పూర్తయ్యేదాకా రోజూ ఇదే పని. "నీకేం పని లేదా, ఉన్ని కాడ తిరుగుతున్నవ్?" అని ఒకసారి అడిగింది. లేదన్నాను.

పెండ్లిలో ముసలివాళ్లు గొంగడిని తడిమి, మెచ్చుకున్నారు. "నా చేతుల మీద ఏరిన" అంది అత్త, నా ముందే. నాకు ఒళ్లు మండింది. ఆమె గొంగడి అంచును మొహానికి అద్దుకుని మొక్కింది. ఎంత భక్తో అనుకున్నారు అందరూ.

పెండ్లయిన నెలకు సిరికొండ నుంచి మా దూరపు చుట్టం ఒకామె బస్తా ఉన్నితో దిగింది. "మా బిడ్డ పెండ్లి ఉన్నది అవ్వా. మీ ఇంటి గొంగడి గురించి విన్న. నువ్వే జర ఏరియ్యాలె" అంది.

అత్త బస్తా వైపు చూసింది, నా వైపు చూడలేదు. "నా చేతులకు సోయి పోయి ఏండ్లయింది బిడ్డా. మా ఇంటి గొంగడికి ఏరింది మా కోడలు. తోక బొచ్చు రెండు కుచ్చులు ఇడిసింది గానీ, ఏరుతది. నీ బిడ్డ కింద బిరుసుది ఎయ్యదు."

ఇన్నేళ్లూ ఆ మాట కోసమే ఎదురుచూశానేమో, అది వచ్చినప్పుడు మాత్రం వద్దనిపించింది. ఆమె మళ్లీ అబద్ధమాడితే బాగుండుననిపించింది.

వచ్చినామె చాయ్ తాగి వెళ్లాక అడిగాను. "రెండు కుచ్చులని ఎట్ల తెలిసింది అత్తా?"

"చేతులు సచ్చినయి గానీ బుగ్గ సావలే."

"మరి ఏరేటప్పుడే బుగ్గకు ఆనిచ్చుకుంటే అయిపోతుండె గద?"

"పది మంది ముందట ఉన్ని మొహానికి రాసుకుంట కూసుంటనా?"

"నేను మళ్ల ఏరిన్నని తెలిసి గూడ ఎందుకు ఊకున్నవ్?"

"నాకు చేతగాదని తెలిసి నువ్వెందుకు ఊకున్నవ్?" అని, అత్త బస్తా మూతి విప్పి నా ముందుకు తోసింది.