పెదనాయన వదిలేసిన సగం మన్ను

నిన్నటి వానకు తిరుపతిలో మా వాకిట్లో ఎర్రమన్ను మేట వేసింది. తట్టకెత్తాను గానీ ఎక్కడ పోయాలో తోచడం లేదు.

ఐరాల వైపు పెరిగినవాళ్లకు ఈ మన్ను మోత గుర్తుండే ఉంటుంది. కొండవాలులో మా పెదనాయన చేను పైన, మాది కింద. పెద్దవాన పడితే ఆయన చేలో మన్ను కొట్టుకొచ్చి మా వేరుశనగ సాళ్లలో మేట వేసేది. తెల్లారేసరికి ఆయన తట్టతో దిగి, ఎత్తుకుపోయేవాడు. పిల్లలం మేమూ మోసేవాళ్లం, మెడమీదికి బురదనీళ్లు కారుతుంటే.

ఒకసారి అడిగాను. "పెదనాయనా, ఇది నీ మన్నేనని ఎట్ల తెలుసు?"

"పైనించి వచ్చింది గదమ్మా. పైన ఉండేది నా చేనే."

గట్టుమీద కూర్చున్న నాయన నవ్వాడు. "నీ చేనుకు పైన కొండ ఉండాది గదన్నా."

పెదనాయన తలెత్తి చూశాడు. ఎండకు పగిలి, వానకు పొరలు పొరలుగా రాలిపోతున్న బండలు. ఆ రోజు సగం మన్నే తీసుకెళ్లాడు. మిగతా సగం ఎందుకు వదిలేశాడో నాకిప్పటికీ తెలియదు.

ఇక్కడ మా వీధికి ఎగువన అయిదిళ్లు, వాటి వెనక కొండ. ఈ మన్ను ఎవరిదనుకోవాలి? సగం గుమ్మడిపాదుకు పోశాను. మిగతా సగం తట్టలోనే ఉంది.