బెలూన్లున్న కారు

మాది జమ్మలమడుగు. నడుము నొప్పితో అమ్మ బస్సు ఎక్కలేకపోతోందని ప్రొద్దుటూరులో సెకండ్ హ్యాండ్ కారు చూశాం. మా ఆయన మైలేజీ అడిగారు. అమ్మ ముందు సీట్లో వాలి "శానా మెత్తగుండాది" అంది. గుద్దుకుంటే ఎట్లా అని నేనడిగాను.

"దిగులు పడొద్దక్కా, ముందర రెండు బెలూన్లుండాయి" అంటూ అమ్మే అతను డాష్‌బోర్డు మీదున్న ఎయిర్‌బ్యాగ్ అక్షరాలు చూపించాడు. ఆ మాట మీదే కొన్నాం.

నెల తిరక్కుండానే పులివెందుల బయలుదేరాం. నడుముకు ఒత్తుకుంటోందని అమ్మ సీటు బెల్టు తీసేసింది. పెట్టుకోమంటే "బెలూన్లుండాయి గదమ్మా" అంది. కాసేపటికి రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. మా ఆయన పక్కకు తిప్పేసరికి కారు కల్వర్టు గోడను గుద్దింది. అమ్మ తల డాష్‌బోర్డుకు కొట్టుకుంది. ఒక్క బెలూనూ తెరుచుకోలేదు.

తర్వాత మెకానిక్ డాష్‌బోర్డు మీద ఆ అక్షరాలున్న మూత ఊడదీశాడు. లోపల మడతపెట్టిన పాత తువ్వాలు ఉంది. "ఇది ముందే యాడో గుద్దుకున్న బండి అక్కా. బెలూన్లు అప్పుడే పోయినాయి. కొత్తవి ఎయ్యకుండా మూత అతికిచ్చినారు" అన్నాడు.

కారు కొనేవాళ్లం మూతలు ఊడదీసి చూస్తామా? అమ్మ ఇప్పుడు మమ్మల్నెవరినీ గుర్తుపట్టదు. అన్నం తినిపిస్తుంటే ఒక్కోసారి నా ముఖంలోకి చూసి, నాకే ధైర్యం చెబుతున్నట్టు అంటుంది: "బెలూన్లుండాయి గదమ్మా."