అమ్మమ్మ కోసం నల్ల హనుమంతుడు

మా చిన్నప్పుడు... తెనాలిలో ఎదురింటి మాస్టారు టీవీ కొన్న రోజున వీధి వీధంతా వాళ్ళ వరండాలో చేరింది. నేనూ అన్నయ్యా మాత్రం ఆ టీవీ వచ్చిన అట్టపెట్టె కోసం పడిగాపులు పడ్డాం. అది మాకు కావాలి... మా అమ్మమ్మ కోసం.

అమ్మమ్మది నగరం అనే ఊరి దగ్గర పల్లె. చిన్నతనంలో తోలుబొమ్మలాట వచ్చిందంటే చాప చంకన పెట్టుకుని అందరికంటే ముందు పోయి తెర ఎదుట కూర్చునేదట. మా దగ్గరికి వచ్చేనాటికి రెండు కళ్ళకీ శుక్లాలు కమ్మేశాయి. వెలుగు తెలిసేది... గుమ్మంలో ఎవరైనా అడ్డొస్తే నల్లగా కదిలినట్టు తెలిసేది. అంతే.

ఆపరేషన్ మాటెత్తితే చాలు, ఉన్న ఆ కాస్త వెలుగూ పోతే ఎట్లా అని ముసుగు తన్ని పడుకునేది. అమ్మ బతిమాలింది, కోప్పడింది, అన్నం మానేసి కూర్చుంది కూడా. ఊహూఁ... మా అమ్మమ్మ మొండితనం ముందు ఎవరైనా బలాదూరే.

చూపుతో పాటు ఆవిడకి మాటలూ తగ్గిపోయాయి. తోలుబొమ్మల సంగతి ఎత్తితే తప్ప నోరు విప్పేది కాదు. హనుమంతుడు లంకకి నిప్పంటించే చోటుకి వచ్చేసరికి, కూర్చున్న మంచం మీదే చేతులు ఆడించేది. ఆ చేతులు చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఒక్కసారైనా ఆ ఆట ఆవిడకి మళ్ళీ చూపించి తీరాలని పంతం పట్టాను.

మొదట చేసిన బొమ్మలు ఎంత బాగా వచ్చాయో! డ్రాయింగ్ కాగితం మీద గీసి, కత్తిరించి, పసుపూ, పారాణీ, బట్టలకి పెట్టే నీలిమందూ పూసి, పైన కొబ్బరినూనె రాశాం. నూనె పీల్చుకున్న కాగితం వెనక దీపం పెడితే రంగులన్నీ తెర మీదికి వచ్చేశాయి. తెరంటే మా నాన్న తెల్లపంచె లెండి. అచ్చం నిజం బొమ్మల్లాగే ఉన్నాయని అమ్మ మురిసిపోయింది.

అమ్మమ్మ పంచెకి ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుని చాలాసేపు చూసింది. చివరికి నెమ్మదిగా అంది.

"దీపం బాగా వెలుగుతోందర్రా..."

నా ప్రాణం ఉసూరుమంది. మేం పూసిన అంత రంగూ ఆవిడకి ఉత్త వెలుగే.

కొన్నాళ్ళు ఆ బొమ్మల జోలికే పోలేదు నేను. ఒకరోజు పాలావిడ గుమ్మంలోకి రాగానే, ఎవరో తపేలా పట్టుకుని నిలబడ్డారని అమ్మమ్మ చెప్పేసింది. అన్నయ్య ఎగిరి గంతేశాడు. అమ్మమ్మకి కావలసింది రంగు కాదట, అడ్డట! వెలుగు పోనివ్వని బొమ్మ కావాలి, పెద్దది కావాలి. సరిగ్గా అప్పుడే మాస్టారింట్లో టీవీ దిగింది.

అట్ట మహా మందం, కత్తెరకి లొంగితే ఒట్టు. అన్నయ్య కత్తిపీట మీద కోశాడు. చేతులూ కాళ్ళూ విడివిడిగా కోసి, దబ్బనంతో చిల్లులు పొడిచి, పురికొసతో ముళ్ళు వేసి, వెదురుబద్దలు కట్టాం. హనుమంతుడు నా నడుం దాకా వచ్చాడు. తోకకి అట్ట చాలక వేరే ముక్క తెచ్చి మైదా జిగురుతో అతికించాం.

దీపాలు పెట్టే వేళకి వసారాలో పంచె కట్టి, వెనక వంద క్యాండిళ్ళ బల్బు వేలాడదీశాం. బొమ్మని పంచెకి అదిమిపట్టి కదిలించాం.

"అడుగో... అడుగో నా తండ్రి" అంటూ అమ్మమ్మ చెంపలు వేసుకుంది.

ఆ సంతోషం ఇంతని చెప్పలేను. అన్నయ్య రెచ్చిపోయి హనుమంతుణ్ణి గెంతించాడు. తోక కాస్తా ఊడి కింద పడింది. తీద్దామని నేను బల్బుకీ పంచెకీ మధ్య దూరితే, ఆట చెడగొట్టానని నెత్తిన మొట్టాడు. అంతలో అవతలి నుంచి అమ్మమ్మ గొంతు...

"ఆ పిల్లెవరే? రెండు జడలు... పొడుగ్గా..."

"నేనే అమ్మమ్మా. చిట్టిని."

అమ్మమ్మ పంచెకి ఇంకా దగ్గరగా జరిగింది.

"ఇంత ఎదిగిపోయావటే తల్లీ... కదలకు. అట్టాగే నిలబడు."

నిలబడ్డాను. అమ్మమ్మ పంచె మీదుగానే నా మొహమంతా తడిమింది. నేను ఏడ్చేశాను. మొట్టినవాడు కూడా తోక పట్టుకుని ఏడ్చాడు.

ఆ పూట అన్నాల దగ్గర, ఎవరూ అడక్కుండానే, అమ్మతో తనే అంది.

"చిట్టి నీడ చూశాను. దాని మొహం కూడా చూడాలే. గుంటూరు ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్తావో చెప్పు."

ఆపరేషనయ్యి, కట్టు విప్పి, సోడాబుడ్డి కళ్ళద్దాలు పెట్టాక నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి తనివితీరా చూసుకుంది. తర్వాత హనుమంతుణ్ణి తెమ్మంది. చూసి పకపకా నవ్వింది. మేం చూసుకోనే లేదు... స్వామివారి మూతి మీద టీవీ బొమ్మ అచ్చేసి ఉంది!

ఇప్పుడు ఇంట్లో మనిషికో తెర... రంగులకేం కొదవ లేదు. నా ఫొటోలే నా ఫోన్లో బోలెడు. కానీ కదలకుండా నిలబడమని, నా నీడని అంత ఆశగా చూసుకున్నవాళ్ళు మళ్ళీ ఎవరూ లేరు.

మీరూ అట్టముక్కలతోనో తాటాకులతోనో బొమ్మలు చేసే ఉంటారుగా... ఎవరి కోసం చేశారో చెప్పండి, వినాలనుంది.